వెంట్రుకవాసి ఆలస్యం

అన్నా, నువ్వు అడిగిన బీట్లు పంపుతున్న.
మొత్తం పదకొండు. పేర్లు చూసి నవ్వకు.
నూక. బాయిలర్ మూడు గంటలు. కరెంటు పోయింది.
గుంటూరు ప్యాసింజర్ లేటు.
సేవ్ చేసెటప్పుడు బయట ఏది వినపడితే
అదే పేరు పెట్టిన.

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు.
సెల్‌ఫోన్లు బాగుచేసే డబ్బాకొట్టు నాది కాదు,
అండ్ల నేను పనోణ్ణి.
షట్టరు సగం దించినంక
ఎవరో రిపేరుకిచ్చి మరిచిపోయిన ల్యాప్‌టాప్
(నాలుగు నెలలాయె, స్పేస్ మీట సగమే నొక్కుకుంటది)
దాని మీద చేసిన ఇయ్యన్ని.

ఎవరి దగ్గర నేర్చినవని అడిగినవు.
బయటి దేశం పేర్లు చెప్తనని చూస్తున్నట్టున్నవు.
ఆ పాటలు గూడ విన్న,
రిపేరుకొచ్చిన ఫోన్లల్ల, ఓనర్లకు చెప్పకుండ.
కానీ మొదటి హైహ్యాట్ మా అమ్మ కాళ్లు.
ఉడికిన వడ్లు మిల్లు కళ్లంల పరిచి
ఆరుగురు ఆడోళ్లు వరుసగ
పాదం లేపకుండ, ఈడ్చుకుంట, సాళ్లు తీసుకుంట నడుస్తరు.
శ్శ్, శ్శ్, శ్శ్,
మలిగేకాడ ఒక్కటి పొడుగు.
ఆ పొడుగుదాన్ని నాలుగో బార్ చివర పెట్టిన.
నీకు ఓపెన్ హ్యాట్ లెక్క వినపడ్తది.
అది మా అమ్మ ఎండకు ఆగి
కొంగుతోటి మొఖం తుడుసుకునుడు.

బాస్ కోసం మూడు రాత్రులు తిరిగిన.
రెండో మిల్లు వెనక ఎలివేటర్ బెల్టు,
దగ్గరికి పోతే చెవికి కాదు, పక్కటెముకలకు వినపడ్తది.
ఫోను మైకుకు చిక్కలే.
ఆఖరికి గోనెసంచిల చుట్టి నేల మీద పెడితే
కొంచెం వచ్చింది. కుక్క గూడ వచ్చింది, తియ్యరాలే.

ఇగ ఎనిమిదో బీటు సంగతి.
నిన్న ఫోన్ల ఇనిపిస్తే కిక్కు తప్పిందన్నవు.
గ్రిడ్ మీద లేదు, సరిచెయ్ అన్నవు.
ముందుగాల నేను గూడ సరిగనే పెట్టిన,
గీత మీద గీత, పోలీసు పరేడ్ లెక్క.
చార్జరు కోసం వచ్చిన హమాలీ జానయ్య
ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఇన్నడు. తల ఊపలే.
"ఎవడు నడుస్తుండు?" అన్నడు.
నడుసుడు కాదు బాబాయ్, బీటు, అన్న.
"ఎవడైతేంది, ఒట్టి చేతులతోటి నడుస్తుండు."

లేచి కొట్ల నాలుగడుగులు వేసి చూపిండు.
మీద ఏం లేకున్నా వీపు వంగింది.
బస్తా ఉన్నోని అడుగు అనుకున్నకాడ పడదు.
మోకాలు ముందు నేలను అడుగుతది,
నేల సరే అన్నంకనే మడిమె దిగుతది.
అడిగినదానికి, సరే అన్నదానికి నడుమ
వెంట్రుకవాసి ఉంటది.

ఆ వెంట్రుకను మౌసుతోటి వెతికిన.
పన్నెండు మిల్లీసెకన్లకు చాల్లే.
ముప్పైకి తాగినోని నడకాయె.
పందొమ్మిది కాడ జానయ్య వేలు లేపిండు,
సంచి దించమన్నట్టు.
చార్జరుకు పైసలు తీసుకోలే నేను.
సేటుకు నా జేబుల నుంచి కట్టిన.

అందుకే సరిచెయ్య.
కావాల్నంటే మిగతా పది ఉన్నయ్,
అన్ని గీత మీదనే ఉన్నయ్, బుద్ధిగ.

ఎనిమిదోదాంట్ల నడుమ పదహారు బార్లు ఖాళీ వదిలిన.
ఎవరి మాటలకో నాకే తెల్వదు.
మా అమ్మకు ఇనిపిస్తే
ఆ ఖాళీ వచ్చేదాంక ఊకున్నది.
"అందరు పని చేస్తున్నరు గని
ఒక్కలు మాట్లాడరేంది?
మేస్త్రి ఉన్నడా అక్కడ?" అన్నది.

నేను ఏం చెప్పలే. నువ్వు చెప్తవేమో చూడు.

మెమరీ కార్డు పొద్దుగాల దేవరకొండ బస్సుకు ఇస్తున్న.
అగ్గిపెట్టెల ఉంటది. పారెయ్యకు.